ఎదురు కుర్చీ

సబ్బవరం జంక్షన్‌లో టీ కొట్టు గోడకి సైకిల్ ఆనించి హెల్మెట్ తీస్తుండగా గౌరీశ్వరి ఫోన్ మోగింది. కాలనీ వాట్సాప్ గ్రూపులో సెక్రటరీ కోటి గారి మెసేజి. పంద్రాగస్టు క్యారమ్స్ పోటీలు, డబుల్స్‌లో పేర్లిచ్చిన జట్లు. ఆమె ఎడమ చేత్తో టీ గ్లాసు అందుకుని కుడి బొటనవేలితో జాబితా పైకి జరిపింది. రెండో వరసలో ఆగిపోయింది.

తాతబాబు, సాయిశంకర్.

చివరిదాకా చూసింది. మొత్తం ఏడు జట్లు. ఎక్కడా మావగారు శ్రీరామ్మూర్తి పేరు లేదు. ఇంకో జట్టుకి ఖాళీ ఉందనీ, ఈ రోజే ఆఖరనీ కింద రాసి ఉంది.

"ఏటైంది? టీ సల్లారిపోతంది," అంది ఫ్లోరా. గాజువాకలో ఓ స్కూల్లో ఆమె లెక్కల టీచరు. ఇద్దరూ ప్రతి ఆదివారం తెల్లారకముందే బయల్దేరి ఇక్కడిదాకా తొక్కుతారు. తొమ్మిదింటికల్లా ఫ్లోరా చర్చిలో ఉండాలి, క్వయర్‌లో పాడుతుంది.

"మా మావయ్యని తీసేసారు."

"ఎక్కడ్నించి?"

"క్యారమ్స్ జట్టులోంచి. ఆయనా తాతబాబు గారూ ఇరవయ్యేళ్ళ నించీ ఒకే జట్టు. ఇప్పుడాయన ఇంకెవరితోనో పేరిచ్చేసారు. మావయ్యకి తెలిసుండదు. పొద్దున్న నాను వచ్చేటప్పటికే లేచి బోర్డు తుడుస్తన్నారు, తాతబాబు వస్తాడు, ఫారం నింపాలి అని."

"మరెందుకు తీసేసినట్టు?"

గౌరీశ్వరి కుడిచెయ్యి ముందుకి చాపి వేళ్ళు సన్నగా ఆడించి చూపించింది. "ఆయన సెయ్యి వణుకుతంది."

తిరుగు దారిలో ఎదురుగాలి. కంకర లారీలు పక్కనించి పోతుంటే రోడ్డంచు పట్టుకుని ఇద్దరూ ఒకరి వెనక ఒకరు తొక్కారు. దారిలో గౌరీశ్వరి కుడిచేతి చివరి రెండు వేళ్ళకీ తిమ్మిరెక్కింది. నెల రోజులుగా ఇదే వరస. హ్యాండిల్ వదిలి చెయ్యి విదిలించుకుంటూ, ఈ మాట ఆయనకి ఎవరు చెప్పాలి అని ఆలోచించింది. కూర్మన్నపాలెం వచ్చేసరికి తేలిపోయింది. చెప్పాల్సింది తనే.

వరండాలో శ్రీరామ్మూర్తి ఇస్త్రీ చొక్కా వేసుకుని స్టూలు మీది బోర్డు ముందు కూర్చున్నాడు. వానాకాలపు తేమకి బోర్డు జిగటెక్కుతుందని దాని మీదికి ఓ బల్బు వేలాడదీశాడు. బోరిక్ పౌడరు చల్లి, మెత్తటి గుడ్డతో గుండ్రంగా తుడిచి, ఒక కాయిన్ పెట్టి వేలితో నెట్టి అది ఎంత దూరం జారుతుందో చూస్తున్నాడు.

"వచ్చేసావా అమ్మా? తాతబాబు ఇంకా రానేదు. ఫోనెత్తట్లేదు కూడా."

ఆమె మెట్టు మీద కూర్చుని బూట్ల లేసులు విప్పింది. "మావయ్యా, తాతబాబు గారు సాయిశంకర్‌తో పేరిచ్చేసారు. గ్రూపులో లిస్టు పెట్టారు."

గుడ్డ ఆగలేదు. ఒక చుట్టు, ఇంకో చుట్టు, మళ్ళీ ఇంకో చుట్టు.

"సాయిశంకరంటే ఆ జిమ్ముకెళ్ళే కుర్రోడేనా?"

"అవును."

"గట్టిగా కొడతాడు," అన్నాడు శ్రీరామ్మూర్తి. "బాగానే ఆడతాడు."

కుడిచెయ్యి గుడ్డ కిందికి పోయింది. ఉక్కు ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్ళు క్రేన్ మీద కూర్చుని, కరిగిన ఉక్కు నింపిన గంగాళాల్ని చుక్క తొణక్కుండా మోసిన చెయ్యి అది. ఆయన దాన్ని దాచుకోవడం గౌరీశ్వరి ఎప్పుడూ చూడలేదు. కాసేపటికి లేచి లోపలికి వెళ్ళాడు. ఇస్త్రీ చొక్కా విప్పి, మడత నలక్కుండా మళ్ళీ హ్యాంగరుకి తగిలించి, బనీనుతో బయటికి వచ్చి బల్బు ఆర్పేశాడు.

ఆ చొక్కా తగిలించడమే ఆమెని లేపింది. స్నానం చెయ్యలేదు, చెమట జెర్సీ మార్చలేదు. అలాగే రెండు వీధుల అవతలున్న అసోసియేషన్ గదికి నడిచింది.

కోటి గారు ఫ్యాను కింద కూర్చుని కాగితాలకి పిన్నులు కొడుతున్నారు. పక్క కుర్చీలో తాతబాబు పేపరు చదువుతున్నాడు. ఆమెని చూడగానే పేపరు ఇంకాస్త పైకి లేచింది.

"ఒక జట్టుకి ఖాళీ ఉందన్నారు కదా, రాసుకోండి. శ్రీరామ్మూర్తి, గౌరీశ్వరి."

"గౌరీశ్వరంటే నువ్వేనా?" కోటి గారు నవ్వారు. "అమ్మా, ఇది మగోళ్ళ ఆట. ఆడోళ్ళకి ముగ్గులున్నాయి, మ్యూజికల్ చైర్సున్నాయి, స్పూన్లో నిమ్మకాయుంది. దేన్లో రాయమంటావో సెప్పు."

ఆమె బల్ల మీది ఫారం తిప్పి ఆయన ముందుకి జరిపింది. "మగోళ్ళకని ఇందులో ఎక్కడుంది? కాలనీ వాసులందరూ అర్హులు అని ఉంది. నాను కాలనీలో ఉండట్లేదేటి?"

కోటి గారు పేపరు వైపు చూశారు. పేపరు ఒక పేజీ తిరిగింది.

"నీకు ఆటొచ్చా?"

"నాలుగేళ్ళ నించీ రోజూ సాయంత్రం మా మావయ్యతో ఆడతన్నాను. నమ్మకం లేకపోతే ఇప్పుడే బోర్డు ఎయ్యండి, ఒక ఆట ఆడదాం."

కోటి గారు పెన్ను తీశారు. ఎనిమిదో జట్టు రాయడం అయ్యాక ఆమె గుమ్మం దాటబోతుంటే తాతబాబు పేపరు దించాడు.

"అమ్మాయ్, నాను బావకి సెప్దామనే అనుకున్నాను. ఎలా సెప్పాలో తెలక..."

"ఎలాగైనా మీరే సెప్పాల్సింది, తాతబాబు గారూ. పొద్దున్నించీ ఇస్త్రీ సొక్కా ఏసుకుని మీ కోసం కూకున్నారు," అంది. గొంతు పెంచలేదు.

*

శ్రీరామ్మూర్తికి కోపం తక్కువ. వస్తే మాత్రం అన్నం కంచం ముందు వస్తుంది.

"నన్నడక్కుండా నా పేరు నువ్వెలా ఇచ్చావు?" అన్నాడు మధ్యాహ్నం, ముద్ద కలుపుతూ. "నా మీద జాలేటి నీకు?"

"జాలైతే ఇంట్లో ఓడిపోయేదాన్ని కదా మావయ్యా. మొన్న మిమ్మల్ని ఎన్ని కాయిన్లతో ఓడించాను?"

"నాలుగు," అన్నాడాయన అయిష్టంగా.

"రెడ్డు కూడా నాదే." ఆమె పులుసు గిన్నె జరిపింది. "నాకు ఆడాలనుంది. నా సైకిల్ గుంపులో ఒక్కొక్కరికీ ఏదో ఒకటుంది. ఫ్లోరా పాటలు పాడతాది. ఒకాయన ఆదివారం రైడవ్వగానే గేలం పట్టుకుని జాలరిపేట పోతాడు, పిల్లల్ని కూడా తీసుకుని. నాను సైకిల్ దిగితే నాకున్నది ఈ బోర్డే. వరండాలో ఆడింది చాలు, నలుగురి ముందు ఆడాలనుంది. నాకు పార్టనర్ మీరే కావాలి."

"సెయ్యి వణికితేనో?"

"వణికితే వణుకుతాది."

భర్త చందు బి షిఫ్టుకి టిఫిన్ డబ్బా సర్దుకుంటున్నాడు. "ఒప్పేసుకో నాన్నా," అన్నాడు తలెత్తకుండా. "నువ్వు కాదంటే నన్ను రమ్మంటాది." చందు ఆట ఇంట్లో అందరికీ తెలుసు. కాయిన్లు ఎక్కడివి అక్కడే ఉంటాయి, స్ట్రైకర్ మాత్రం తిన్నగా పాకెట్లోకి పోతుంది.

శ్రీరామ్మూర్తి పెదవి చివర కదిలింది. ఒప్పుకున్నట్టే.

సోమవారం సాయంత్రం గౌరీశ్వరి షీలానగర్ కంటైనర్ యార్డు నించి వచ్చేసరికి బల్బు వెలుగుతోంది. రోజంతా వేబ్రిడ్జి గదిలో లారీల బరువులు కంప్యూటర్లో కొట్టి వచ్చిన వేళ్ళని వేడినీళ్ళలో ముంచి తుడుచుకుని కూర్చుంది. మొదటి ఆటలో సులువైనవి మూడు పోగొట్టింది. శ్రీరామ్మూర్తి బోర్డు చూడడం మానేసి ఆమె చెయ్యి చూడసాగాడు.

"నీ చిటికెనేలు పడుకుండిపోయింది."

"తిమ్మిరి మావయ్యా. సైకిల్ ఎక్కువ తొక్కితే వత్తంది, పోతాది."

"ఎన్నాళ్ళ నించి?"

"నెలయ్యింది."

"నెల్లాళ్ళు వచ్చేది పోతాదేటి?" ఆయన లేచి గోడకి ఆనించిన సైకిల్ దగ్గరికి వెళ్ళాడు. చుట్టూ తిరిగాడు. వంగి, ఒక కన్ను మూసి, సీటుని పక్కనించి చూశాడు. "ఎక్కు," అన్నాడు.

ఆమె ఎక్కింది. ఆయన సైకిల్ పట్టుకుని, ఆమె భుజాలూ మోచేతులూ అరచేతులూ వరసగా చూశాడు. "సీటు ముక్కు కిందికి వాలిపోయింది. నువ్వు ముందుకి జారిపోతన్నావు. ఆ జారడాన్ని సేతులు ఆపుతన్నాయి. బరువంతా అరిసేతుల మీదే ఉంటే ఏళ్ళు పడుకోవేటి? క్రేన్‌లో కుర్చీ అర అంగుళం వాలితే ఎనిమిది గంటలయ్యేసరికి మణికట్టు పోయేది మాకు."

సీటు బోల్టు తిప్పే ఎలన్ కీ తెమ్మన్నాడు. ఎడమ చేత్తో సీటు నిలబెట్టి, కుడి చేత్తో కీ తిప్పాడు. చెయ్యి వణుకుతూనే ఉంది. కీ బోల్టులో దిగాక మాత్రం వణుకు లేదు. పళ్ళెంలో నీళ్ళు పోసి సీటు మీద పెట్టి, నీళ్ళు సమానంగా నిలిచేదాకా సవరించాడు. గౌరీశ్వరి ఆ చేతినే చూస్తూ నిలబడింది.

"మావయ్యా, ఇది సూసారా? కీ తిప్పేటప్పుడు వణకలేదు."

"పనిలో ఉంటే వణకదు. ఊరికే ఉంటేనే గోల. స్ట్రైకర్ పెట్టి గురి సూస్తా కూకుంటాను సూడు, అప్పుడు మొదలవుతాది. ఆపుదామని బిగబడతాను. ఇంకా ఎక్కువవుతాది."

ఆమెకి ఏదో తట్టింది. కుర్చీ దగ్గరికి లాక్కుంది. "సింహాచలం ఘాటీ దిగేటప్పుడు మొదట్లో నా హ్యాండిల్ ఇలాగే వణికేది. భయమేసి గట్టిగా పట్టుకునేదాన్ని. పట్టుకునేకొద్దీ సైకిలంతా ఊగిపోయేది. ఒకసారి పడ్డాను కూడా. తర్వాత ఒకాయన సెప్పాడు, వణికితే పట్టు వదులు, వేళ్ళు తేలిగ్గా ఆనించు, ఊపిరి వదిలెయ్యి అని. అంతే, నిలబడిపోయింది. మీరు గురి బోర్డు మీద సూడకండి. కుర్చీలో ఎనక్కి ఆనుకున్నప్పుడే సూసేసుకోండి. సెయ్యి కిందికి దించాక ఆగకండి. ఊపిరి వదుల్తా కొట్టెయ్యండి."

"సూడకుండానా?"

"సూసేసాకే కదా దించుతారు."

మొదటి దెబ్బకి స్ట్రైకర్ బోర్డు దాటి మల్లె కుండీలో పడింది. ఇద్దరూ నవ్వుకున్నారు. పదో దెబ్బకి కాయిన్ పాకెట్ అంచుని తాకింది. మంగళవారం సాయంత్రం ఆరింటి నించి ఎనిమిదింటిదాకా ఆయన అదే పని చేశాడు. వెనక్కి ఆనుకోవడం, చూడడం, చెయ్యి దించడం, కొట్టడం. చీకటి పడ్డాక ఒక కాయిన్‌ని బోర్డు పక్కగోడకి కొట్టించి వెనక్కి రప్పించి మూల పాకెట్లో వేశాడు. ఆయన కాయిన్లు మళ్ళీ పేర్చాడు.

*

బుధవారం కమ్యూనిటీ హాల్లో నాలుగు బోర్డులు వేశారు. డబుల్స్‌లో జట్టువాళ్ళిద్దరూ ఎదురెదురుగా కూర్చుంటారు, ప్రత్యర్థులు చెరో పక్కనా. ఆట జరిగినంతసేపూ జట్టువాళ్ళు మాట్లాడుకోకూడదు. గౌరీశ్వరి మావయ్యకి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంటుంటే వెనక ఎవరో "నిమ్మకాయ స్పూను అటుపక్క," అన్నారు. కొందరు నవ్వారు. ఆమె వేళ్ళకి పౌడరు రాసుకుంది.

వాళ్ళ మీద ఆడినవాళ్ళు ఇద్దరు బ్యాంకు ఉద్యోగులు, మర్యాదస్తులు. ఆమె కొట్టేటప్పుడు 'పాపం' అన్నట్టు చూశారు. రెండో బోర్డుకి ఆ చూపు పోయింది. శ్రీరామ్మూర్తి మొదటి రెండు దెబ్బలూ పోగొట్టాడు. మూడోసారి కుర్చీలో వెనక్కి ఆనుకున్నాడు. గౌరీశ్వరి ఆయన ముఖం చూడలేదు, బోర్డు చూసింది. చెయ్యి దిగింది, కాయిన్ పోయింది. ఆ తర్వాత వరసగా మూడు. హాల్లో ఎవరూ నిమ్మకాయ మాట ఎత్తలేదు.

గురువారం సెమీఫైనల్ ఇంకా తొందరగా అయిపోయింది. ఆ రాత్రి భోజనాల దగ్గర శ్రీరామ్మూర్తి, "రేపు పొద్దున్న మీ జెండా రైడు ఉందన్నావు కదా, వెళ్తన్నావా?" అని అడిగాడు.

"ఫైనలుంది కదా, మానేద్దామనుకుంటన్నాను."

"మానకు. కాళ్ళు ఆడితేనే నీకు బుర్ర సల్లగా ఉంటాది. సీటు ఎలాగుందో కూడా తెలుస్తాది."

తెల్లవారుజామున ఫ్లోరాతో ముప్ఫై కిలోమీటర్లు తొక్కి వచ్చింది. జెండా కట్టిన హ్యాండిల్ మీద చేతులు ఊరికే ఆనాయి. చిటికెనవేలు మేలుకునే ఉంది.

జెండా ఎగరేసి, పిల్లలకి చాక్లెట్లు పంచాక పదకొండింటికి తాతబాబు, సాయిశంకర్‌లతో ఫైనల్ మొదలైంది. శ్రీరామ్మూర్తి ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. తాతబాబు ఆయన కుడిపక్కన కూర్చున్నాడు. ఇరవయ్యేళ్ళలో ఎప్పుడూ అలా పక్కన కూర్చోలేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు రెండుసార్లు కుర్చీ సర్దుకున్నాడు.

మూడు బోర్డుల్లో రెండు గెలవాలి. మొదటిది శ్రీరామ్మూర్తి గెలిపించాడు. ఆయన కాయిన్లు చప్పుడు లేకుండా పోతున్నాయి. రెండోది సాయిశంకర్ ఒక్కడే ఊడ్చేశాడు. ఆ కుర్రాడికి ముప్ఫై ఉండవు. స్ట్రైకర్ కొడితే పక్క బల్ల మీది గ్లాసులు అదిరేవి. తాతబాబు ఒక సులువైన కాయిన్ పోగొట్టినప్పుడు, "ఏటంకుల్, అది కూడా కొట్టలేరా!" అని హాలంతా వినపడేలా అన్నాడు. తాతబాబు చెవులు ఎర్రబడ్డాయి. శ్రీరామ్మూర్తి ఒకసారి తలెత్తి ఆ కుర్రాడి వైపు చూసి మళ్ళీ దించుకున్నాడు.

మూడో బోర్డులో రెడ్ చాలాసేపు మధ్యలో మిగిలిపోయింది. ఎవరూ ధైర్యం చెయ్యలేదు. శ్రీరామ్మూర్తి వంతు వచ్చింది. కుడిచెయ్యి బోర్డు అంచు మీద వణుకుతోంది, అందరికీ కనిపిస్తోంది. ముందు వరసలో ఒకావిడ చూడలేక తల తిప్పుకుంది. ఆయన వెనక్కి ఆనుకుని ఎంతసేపు చూశాడో! తర్వాత చెయ్యి దింపి కొట్టేశాడు. రెడ్ మూల పాకెట్లోకి జారింది. దానికి ఫాలోగా ఇంకో కాయిన్ వెయ్యాలి, లేకపోతే రెడ్ వెనక్కి వస్తుంది. ఆయన ఆగలేదు. తెల్ల కాయిన్ పక్కగోడకి తగిలి అడ్డంగా వచ్చి పడింది. హాలంతా చప్పట్లు. అందరికంటే ముందు చప్పట్లు కొట్టబోయిన తాతబాబు, చేతులు మధ్యలోనే ఆపుకున్నాడు.

ఇంకో రెండు చుట్లు తిరిగేసరికి తెల్లవి ఒకటి, నల్లవి రెండు మిగిలాయి. గౌరీశ్వరి వంతు. తెల్ల కాయిన్ పాకెట్‌కి జానెడు దూరంలో ఉంది. ఇంట్లో అయితే మాట్లాడుతూ కొట్టేది. ఆమె స్ట్రైకర్ పెట్టింది. గురి చూసింది. మళ్ళీ చూసింది. ఇది పడితే గెలిచినట్టే అనుకుంది. పడాలి అనుకుంది. వేలు బిగుసుకుంది. స్ట్రైకర్ జోరుగా పోయింది. కాయిన్ పాకెట్ అంచు మీద రెండుసార్లు ఊగి అక్కడే నిలబడింది.

సాయిశంకర్ రెండు దెబ్బల్లో రెండు నల్లవీ వేసేశాడు.

కేకలు, ఈలలు. గౌరీశ్వరి ఆ తెల్ల కాయిన్‌నే చూస్తూ కూర్చుంది. శ్రీరామ్మూర్తి కుర్చీ జరుపుకుని లేచి, బోర్డు చుట్టూ తిరిగి ఆమె దగ్గరికి వచ్చాడు.

"బిగబట్టేసావు," అన్నాడు.

"అవును మావయ్యా. మీకు సెప్పిందే నాను సెయ్యలేదు."

ఆయన పగలబడి నవ్వాడు. అందరూ తిరిగి చూశారు. ఓడినవాడు అలా నవ్వడం కోటి గారికి అర్థం కాలేదు. "ఘాటీలో పడ్డావు కదా మళ్ళీ!" అన్నాడు శ్రీరామ్మూర్తి. ఆమెకీ నవ్వు ఆగలేదు. అవతల సాయిశంకర్ కప్పు ఎత్తి పట్టుకుని సెల్ఫీలు దిగుతున్నాడు. తాతబాబు అతని పక్కన నిలబడ్డాడు. ఫోటోలో ఆయన భుజం ఒక్కటే పడుతోంది.

*

మర్నాడు సాయంత్రం వాన తెరిపిచ్చింది. వరండాలో శ్రీరామ్మూర్తి నిన్నటి ఆఖరి కాయిన్‌ని అదే చోట పెట్టాడు. గౌరీశ్వరి అక్కడినించే కొట్టి వేసింది. మళ్ళీ పెట్టాడు, మళ్ళీ వేసింది. ఎనిమిదోసారికి గేటు చప్పుడైంది.

తాతబాబు. చేతిలో పకోడీ పొట్లం, కాగితం మీద నూనె మరకలు.

"బావా," అన్నాడు.

"రా, బావా."

తాతబాబు లోపలికి వచ్చి చెప్పులు విడిచాడు. పొట్లం ఎక్కడ పెట్టాలో తెలియక గౌరీశ్వరి చేతికిచ్చాడు. ఆమె పళ్ళెం తేవడానికి లేచింది.

"కప్పు ఆ కుర్రోడు పట్టుకుపోయాడు. పోనీ. ఇంటికెళ్తే అన్నం దిగలేదు బావా. ఎదురుగా నువ్వు లేకపోతే నాను ఏటి కొడతన్నానో నాకే తెలట్లేదు. తప్పైపోయింది. నీకు ముందు సెప్పాల్సింది."

"ఔను, సెప్పాల్సింది," అన్నాడు శ్రీరామ్మూర్తి. కోపంగా అనలేదు, తేలిగ్గానూ అనలేదు.

"దసరాకి రిటైర్డోళ్ళ అసోసియేషన్ టోర్నమెంటుంది. కుటుంబాలోళ్ళు కూడా ఆడొచ్చంట. పేర్లు ఎల్లుండికల్లా ఇమ్మన్నారు." తాతబాబు మాట్లాడుతూనే, ఇరవయ్యేళ్ళ అలవాటు కొద్దీ గౌరీశ్వరి లేచిన కుర్చీలో కూర్చోబోయాడు. "మనిద్దరి పేర్లూ నాను ఇచ్చేత్తాను. ఎప్పట్లాగే."

శ్రీరామ్మూర్తి కాయిన్లు మధ్యలో గుండ్రంగా పేరుస్తున్నాడు. తల ఎత్తలేదు.

"అది గౌరి కుర్చీ, బావా."

తాతబాబు సగం వంగి ఆగిపోయాడు. పళ్ళెంతో గుమ్మంలోకి వచ్చిన గౌరీశ్వరి కూడా ఆగిపోయింది.

"ఏటీ?"

"దసరాకీ గౌరితోనే ఆడతన్నాను. నాకు పార్టనరుంది." రెడ్‌ని వేలితో మధ్యలోకి నెట్టి అప్పుడు తలెత్తాడు. ముఖంలో ఏ కసీ లేదు. ఎడమ పక్కనున్న స్టూలు చూపించాడు. "నువ్విటు కూకో. ఆటకి వచ్చావు కదా, ఆడు. సందూ! రా ఒకసారి. తాతబాబుకి పార్టనర్ కావాలంట!"

"సందుతోనా!" అన్నాడు తాతబాబు, ఏడవలేక నవ్వలేక.

లోపలినించి చందు తువ్వాలు భుజాన వేసుకుని వచ్చాడు. "ముందే సెప్తన్నాను, నన్ను కూడా 'ఏటంకుల్, కొట్టలేరా' అంటే ఊరుకోను," అన్నాడు. గౌరీశ్వరి పకోడీ పళ్ళెం పిట్టగోడ మీద పెట్టి వచ్చి మావయ్యకి ఎదురుగా కూర్చుంది. వేళ్ళకి పౌడరు రాసుకుంది. తాతబాబు ఇంకా నిలబడే ఉన్నాడు. ఎవరూ తొందరపెట్టలేదు. చివరికి స్టూలు దగ్గరికి లాక్కుని పక్కన కూర్చున్నాడు.

"నీ కోడలు సులువుగా వదలదు బావా," అన్నాడు బోర్డు చూస్తూ. "కొంచెం సూసి ఆడమను."

"ఎదురుగానే ఉంది కదా. నువ్వే సెప్పు."

తాతబాబు ఆమె వైపు తిరిగాడు. "అమ్మా గౌరీ, ఇక్కడ నా పార్టనర్ ఎలాంటోడో నీకు తెలుసు. కొంచెం సూసి కొట్టు."

"సూసే కొడతాను తాతబాబు గారూ," అంది గౌరీశ్వరి. వెనక్కి ఆనుకుంది, ఊపిరి వదిలింది, పేర్చిన కాయిన్లని చెదరగొట్టింది.